నాన్న సీటు మీద టర్కీ టవల్

నాన్నా,

బాగున్నావా అని రాయబోయి ఆగిపోయాను. అలవాటు కదా... నువ్వు వెళ్లి ఏడాది దాటింది. మళ్లీ మంచు కరిగిపోయింది. రోడ్ల మీద చల్లిన ఉప్పు మాత్రం కార్ల మీద మరకలుగా మిగిలింది. నువ్వుంటే ఈపాటికి మన కార్‌ని కడిగించుకొచ్చి, డ్రైవ్‌వేలో నిలబెట్టి, పక్కింటివాళ్ల కార్ వంక జాలిగా చూసేవాడివి.

తెలుగులోనే రాస్తున్నాను. ఆరో క్లాసులో అమెరికా వచ్చాక కూడా ఆదివారం ఆదివారం నాతో తెలుగు బైబిల్ ఒక పేజీ చదివించేవాడివి, గుర్తుందా? ఎంత విసుక్కునేదాన్నో! ఇప్పుడు అదే పనికొస్తోంది. ఈ కాలేజ్ స్టూడియోలో నా వెనక నిలబడి ఎవరు తొంగిచూసినా ఒక్క ముక్క అర్థం కాదు. తప్పులుంటే నవ్వకు.

చాలా అలిసిపోయాను నాన్నా. పడుకుంటే పోయే అలసట కాదిది...

అసలు సంగతి నీకు తెలీదు. నేను యూనివర్సిటీలో టెక్స్‌టైల్ డిజైన్‌లో చేరాను. నేత, అల్లిక రెండూ నేర్పుతారు. నువ్వున్నప్పుడు అప్లికేషన్లు కూడా పెట్టలేదు కదా. అమ్మ తిడుతుందనుకున్నాను. స్టవ్ దగ్గర నుంచి ఇటు తిరక్కుండానే, "మీ నాన్న బట్టలు చింపాడు, నువ్వు నేస్తావా? సర్లే, ఎవరో ఒకరు నెయ్యాలిగా" అంది. అంతే. ఆ తర్వాత మన ఇంట్లో నీ మాట రాలేదు. నేను ఎత్తలేదు, అమ్మా ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో అని నాకు భయం. అమ్మకి కూడా అదే భయమా? తెలీదు.

ఇక్కడ సోమవారం, బుధవారం మగ్గం. ముందు పడుగు పొయ్యాలి. వందల నిలువు పోగులు, ఒక్కో పోగునీ ఒక్కో సన్నటి వైరు కన్నులోంచి కొక్కెంతో లాగాలి. ఒక్కటి తప్పు కన్నులో పడిందా, గుడ్డ పొడుగునా గీత పడుతుంది. అప్పుడు మళ్లీ వెనక్కి... మెడ పట్టేస్తుంది. కళ్లు మూసుకున్నా పోగులే కనిపిస్తాయి.

మంగళవారం, గురువారం అల్లిక మిషన్. అక్కడ ఇంకో బాధ. ఒక్క సూది మీద నుంచి ముడి జారిందంటే అలా కిందిదాకా ఊడిపోతూనే ఉంటుంది. మొదటి వారం నాకు ఏడుపొచ్చింది. అప్పుడు నువ్వే గుర్తొచ్చావు. నా స్వెటర్‌కి మేకు తగిలి దారం లేచినప్పుడు అన్నావు చూడు... "అల్లింది విప్పుకోవచ్చే రూతమ్మా, మళ్లీ అల్లుకోవచ్చు. నేసింది మాత్రం కొయ్యాల్సిందే." ఇక్కడ ఆ ముక్క చెప్పడానికి ఒక సెమిస్టర్ తీసుకున్నారు.

నువ్వు కార్ సీట్ల గుడ్డని టెస్ట్ చేస్తావని ఇక్కడ చెబితే ఎవరూ నమ్మలేదు. అలాంటి ఉద్యోగం కూడా ఉంటుందా అన్నారు. ఉంటుంది మరి! చర్చి పిక్నిక్‌లో జోసెఫ్ అంకుల్ ప్రతిసారీ అడిగేవాడు కదా, "ఏం బ్రదర్, ఈ వారం ఎన్ని బట్టలు చింపారు?" అని. నువ్వు ప్లేటులో బిరియానీ కలుపుకుంటూ, "మీలాంటివాళ్లు కూర్చుంటారనే బ్రదర్, మేం ముందే చింపి చూసుకునేది" అనేవాడివి. అందరికంటే గట్టిగా అంకులే నవ్వేవాడు.

పాసైన గుడ్డలు కార్లలోకి, ఫెయిలైన గుడ్డలు మనింటికి. మన మిక్సీ కవర్ ఏదో వ్యాన్ సీటు. నా కీబోర్డ్ స్టూల్ ట్రక్కు సీటు. గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునేది, ఎవరూ కొనకుండా పోయిన ఒక కార్ సీటు. నా ఫ్రెండ్స్ వస్తే నాకు సిగ్గేసేది.

ఎవరి కార్ ఎక్కినా ముందు సీటు నిమిరేవాడివి. బొటనవేలితో ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ... చర్చిలో ప్రార్థన జరుగుతుంటే కూడా కుర్చీ మెత్త మీద అదే పని. అమ్మ మోచేత్తో పొడిచేది. "మీరు పర్సు వెనక జేబులో పెట్టుకుంటారు, ఎడమ పక్కకి ఒరిగి కూర్చుంటారు, నడుం చూపించుకోండి" అని ఎవరికో చెప్పావు, ఆయన నిజంగానే నడుం నొప్పితో మంచమెక్కాడు. "మనిషి అబద్ధమాడొచ్చు గానీ సీటు ఆడదు" అనేవాడివి.

కానీ నీ సీటు గురించి నువ్వెప్పుడూ ఏమీ చెప్పలేదు. ఎలా చెబుతావు? కార్ కొన్న రోజే అమ్మ దాని మీద, మిగతా సీట్ల మీద కూడా, నిలువునా టర్కీ టవల్ పరిచింది. మాసిపోతుందని! "రోజంతా ఈ గుడ్డ అరగదు, మాయదు అని రుజువు చేసొస్తానా, మీ అమ్మ దాని మీద తువ్వాలు కప్పుతుంది" అని నెత్తి కొట్టుకునేవాడివి. తీసేస్తే మళ్లీ పరిచేది. చివరికి నువ్వే వదిలేశావు.

టవల్ అందని చోటు ఒక్కటే. తలుపు వైపు ఉబ్బెత్తుగా ఉండే అంచు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నువ్వు రుద్దుకుంటూ జరిగేది దాని మీదే. అరచెయ్యంత మేర నునుపు తేలి, బూడిదరంగులో మెరిసేది.

ఆ రోజు ఆఫీస్ పార్కింగ్‌లో కార్ దిగుతూ పడిపోయావు కదా, మళ్లీ లేవలేదు... అంటే నువ్వు ఆఖరుగా తాకింది ఆ అంచునే. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. నీతోనే అంటున్నాను.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను. కోప్పడకు.

మా ప్రొఫెసర్ ఈ సెమిస్టర్‌కి ఒక పని ఇచ్చింది. ఎవరో ఒకరు వాడి వాడి అరగదీసిన గుడ్డ తెచ్చుకోవాలి. అది ఎలా తయారైందో కనుక్కుని, మళ్లీ తయారు చెయ్యాలి. నేసినా సరే, అల్లినా సరే. ఒకమ్మాయి వాళ్ల తాతయ్య వంటింటి ఏప్రన్ అంది, ఇంకొకరు హాకీ సాక్సులు అన్నారు. నా వంతు వచ్చింది. "మా నాన్న కార్ సీటు" అనేశాను.

ఆవిడ కళ్లు మెరిశాయి. ఇప్పటికీ ఆయన ఆ కార్ నడుపుతున్నారా అని అడిగింది.

అవునన్నాను.

ఎందుకన్నానో నాకూ తెలీదు. చెప్పకూడదని ముందే అనుకుని కాదు. మొదటి రోజు అందరూ ఇంట్లోవాళ్ల గురించి చెబుతుంటే, నువ్వు సీట్లు టెస్ట్ చేస్తావని చెప్పాను. ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఇంటి దగ్గర అందరికీ తెలుసు. ఆంటీలు ఫాయిల్ ట్రేలలో పులిహోర తెచ్చారు, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, దేవుని చిత్తం అన్నారు. ఇక్కడ ఒక్కచోటే నాన్నా, నువ్వు ఇంకా పొద్దున్నే బ్యాడ్జ్ మెళ్లో వేసుకుని ఆఫీస్‌కి వెళ్తున్నది... ఆ ఒక్క చోటునీ పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. అది తప్పా?

తర్వాత ఆవిడ ఇంకో మాట అంది. పని పూర్తయ్యాక అందరి ముందూ గోడకి తగిలించి, ఏం చేశామో ఎందుకు చేశామో చెప్పాలి, క్రిటిక్ అంటారు. బయటివాళ్లు కూడా వస్తారు. మీ నాన్నని తప్పకుండా తీసుకురా, అంత గుడ్డ తెలిసిన మనిషి వస్తే మా అందరికీ మంచిది, అంది. నేను తలూపాను. ఆ రోజు నుంచి ఆవిడ హాల్లో ఎదురుపడితే బాత్రూమ్‌లోకి దూరిపోయేదాన్ని.

సీటు గుడ్డ చేతిలో లేదు. గుర్తున్నదాన్ని బట్టి మగ్గం మీద పడుగు పోశాను. బూడిద రంగు, నలుపు. రెండు వారాలు పట్టింది. వేళ్లు కోసుకుపోయాయి. నేసి చూస్తే ఎక్కడా నీ సీటులా లేదు. గోనె పట్టాలా ఉంది.

అంతలో అమ్మ ఫోన్ చేసి, కార్ జోసెఫ్ అంకుల్‌కి ఇచ్చేస్తున్నానంది. బ్యాటరీ చచ్చిపోతోందట, ఊరికే గరాజ్‌లో పెట్టి ఏం లాభం అంది. స్ప్రింగ్ బ్రేక్ సెలవుల్లో ఆదివారం సాయంత్రం అంకుల్ వచ్చి తీసుకెళ్తాడు. సరే అన్నాను.

ఇంటికి వెళ్లాను. ఆ అంచు కోసుకోవడానికి నా బ్యాగ్‌లో కుట్లు విప్పే చిన్న కత్తి పెట్టుకున్నాను. అమ్మని అడగొచ్చు కదా అంటావా? అడగాలంటే నీ పేరెత్తాలి. ఎత్తలేక, దొంగతనానికి దిగాను.

శనివారం పొద్దున అమ్మ తన కార్‌లో ఇండియన్ స్టోర్‌కి వెళ్లింది. మన ఫార్మింగ్టన్ హిల్స్‌లో శనివారం ఆ స్టోర్‌కి వెళ్తే తొందరగా రారు, నీకు తెలుసు. కరివేపాకు దగ్గర ఒక ఆంటీ, బియ్యం దగ్గర ఇంకో ఆంటీ... నేను గరాజ్‌లోకి వెళ్లి నీ కార్ తలుపు తీశాను. వాసన ఇంకా అలాగే ఉంది. లోపలికి కాలు పెట్టలేకపోయాను. బయటే మోకాళ్ల మీద కూర్చున్నాను.

టవల్ ఎప్పుడూ అంచుదాకా వచ్చేది కాదు కదా. ఈసారి అంచు మీదుగా కిందికి లాగి, పిన్నీసులు పెట్టి ఉంది. అంకుల్‌కి ఇస్తున్నాం కదా, నీట్‌గా ఉండాలని అమ్మ పెట్టిందేమో అనుకున్నాను. ఒక్కో పిన్నీసూ తీశాను. టవల్ అంచు పైకెత్తాను.

గుడ్డ లేదు.

నువ్వు రుద్దుకుని దిగే ఆ చోటు, సరిగ్గా అంతవరకే ఎవరో కోసేశారు. వంకర టింకరగా. లోపల పసుపు స్పాంజ్ కనిపిస్తోంది. ఇంకేమీ చూడలేదు నేను. ఆ కన్నాన్నే చూస్తూ కూర్చుండిపోయాను. ఎవరో ఏంటి నాన్నా... మన ఇంట్లో ఇంకెవరున్నారు?

పిన్నీసులు మళ్లీ పెట్టేశాను. అమ్మ సంచులు మోసుకుంటూ వస్తే వెళ్లి అందుకున్నాను. ఇద్దరం కూర్చుని బెండకాయలు కోశాం. దొంగతనానికి వెళ్తే అక్కడ అప్పటికే దొంగతనం జరిగిపోయి ఉంటే ఏం చెయ్యాలి? నువ్వుంటే నవ్వేవాడివి.

ఆదివారం చర్చికి నీ కార్‌లోనే వెళ్లాం. ఆఖరుసారి కదా, అమ్మ అనలేదు గానీ అందుకే. అమ్మ నడిపింది. ప్రార్థనప్పుడు నేను కళ్లు మూసుకోలేదు. అమ్మ కళ్లు మూసుకుంది, కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. జేబు కదులుతోంది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ...

నువ్వు చేసేదే నాన్నా. అచ్చం నీలాగే. నిన్ను మోచేత్తో పొడిచిన మనిషి!

ఇంటికి వచ్చి గరాజ్‌లో కార్ ఆపింది. ఇంజన్ ఆపేసింది గానీ దిగలేదు. నేనూ దిగలేదు. అప్పుడడిగాను, నీ జేబులో ఉన్నది ఒకసారి చూడనా అమ్మా అని.

అమ్మ తాళంచెవి తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, "టవల్ ఎత్తావా?" అంది.

ఎత్తాను అన్నాను.

"ఉత్త చేతుల్తోనా, కత్తెర పట్టుకునా?"

కుట్లు విప్పే కత్తి అని చెప్పాను. అమ్మ నిట్టూర్చింది. "అదుంటే నీట్‌గా వచ్చేదే. నేను కూరగాయల కత్తితో కోశాను. అంతా వంకర పోయింది."

నవ్వొచ్చింది నాన్నా. ఇద్దరికీ. నవ్వి నవ్వి అమ్మ స్టీరింగ్ మీద తల పెట్టేసింది. అది నవ్వో ఏడుపో నేను చూడలేదు. వీపు మీద చెయ్యి వేశాను.

తర్వాత జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టింది. వెనక అంటుకున్న స్పాంజ్ అంతా గోళ్లతో గీరేసిందట, రోజుకింత. మిగిలింది ఒట్టి గుడ్డ. దాని అంచులు చుట్ట చుట్టుకుపోతున్నాయి. నేను వేలితో సాపు చేస్తే మళ్లీ చుట్టుకుంటున్నాయి.

నేసిన గుడ్డని కోస్తే అంచున పోగులు ఊడతాయి. ఇలా చుట్టుకుపోయేది అల్లిన గుడ్డే. మొదటి నెలలోనే నేర్పారు. అంటే నీ సీటు నేత కాదు నాన్నా, అల్లిక! ఇన్నేళ్లు ఆ కార్‌లో తిరిగి, రెండు వారాలు వేళ్లు కోసుకుని పడుగు పోసి... ఒక్కసారైనా నిన్ను అడిగి ఉంటే చెప్పేవాడివి కదా. ఎందుకు అడగలేదు?

చీరల షాపులో అందరూ ముందు వైపు చూస్తుంటే నువ్వు తిరగేసి చూసేవాడివి. "ముందు అమ్మేవాడు చూపిస్తాడు, వెనక మనం చూసుకోవాలి" అనేవాడివి. అందుకని తిరగేశాను. ముందు బూడిదరంగు. వెనక నీలం. ముదురు నీలం, మన చర్చి కర్టెన్లలాంటిది. ఇదేంటమ్మా అన్నాను.

అమ్మ కార్ దిగింది. పిన్నీసులు తీసి టవల్ మొత్తం లాగేసింది. ముందు రోజు ఆ కన్నం తప్ప ఏమీ చూడలేదు నేను. సీటంతా నీలమే నాన్నా, నువ్వు అరగదీసిన ఆ ఒక్క అంచే బూడిదరంగు. కొన్న రోజు ఎలా ఉందో అలా. ఒక్క మరక లేదు, ఒక్క పోగు లేవలేదు. నువ్వు అన్నేళ్లు దాని మీద కూర్చున్నావంటే ఎవరూ నమ్మరు.

"చూశావా? టవల్ వేస్తే వెక్కిరించేవాడు" అంది అమ్మ. నీ గురించి ఇన్ని నెలల తర్వాత అన్న మొదటి మాట అది. అనేసి, ఆ శుభ్రమైన సీటు వైపు చూస్తూ, "వెయ్యకుండా ఉండాల్సింది" అంది మెల్లగా. "ఆ అంచున తప్ప ఎక్కడా ఏమీ మిగల్లేదు."

నువ్వైతే ఏమనేవాడివి?

ఆ ముక్క నాకిమ్మని అడుగుదామనుకున్నాను. అమ్మ చెయ్యి చాపింది. "నాది నాకిచ్చెయ్యి. చూశావుగా, నువ్వు చేసుకో" అంది. ఇచ్చేశాను. ఇచ్చేముందు భూతద్దం తెచ్చి వెనక్కి తిప్పి వరసలు లెక్కపెట్టుకున్నాను. అమ్మ పక్కనే నిలబడింది, ఎక్కడ ఎత్తుకుపోతానో అన్నట్టు.

సాయంత్రం జోసెఫ్ అంకుల్ వచ్చాడు. కన్నం సంగతి అమ్మ ముందే చెప్పేసిందట! ఆయన సీటు చూసి, "సిస్టర్, ఇది షోరూమ్ సీట్‌లా ఉంది కదా" అన్నాడు. ఎక్కబోయి ఆగి, టవల్ ఏదని అడిగాడు. అమ్మ ఇచ్చింది. పరుచుకుని, కూర్చుని, వెళ్లిపోయాడు. కార్ మలుపు తిరిగేదాకా ఇద్దరం డ్రైవ్‌వేలో నిలబడ్డాం. రాత్రి అన్నం తింటూ అమ్మ నీ గురించి ఇంకో రెండు మాటలు అంది. రెండూ తిట్లే. నాకు హాయిగా అనిపించింది.

కాలేజ్‌కి తిరిగొచ్చి మగ్గం మీద ఉన్న పడుగు మొత్తం కోసేశాను. నేసింది కొయ్యాల్సిందే అన్నావుగా. పక్క మగ్గం అమ్మాయి అయ్యో అంది. తర్వాత అల్లిక మిషన్ దగ్గర కూర్చున్నాను. ముదురు నీలం దారం. మూడుసార్లు ముడి జారింది, మూడుసార్లూ విప్పి మళ్లీ అల్లాను. ఇందాకే అయిపోయింది. అంచులు సరిగ్గా అలాగే చుట్టుకుపోతున్నాయి.

ఇక్కడ పై ఫ్లోర్‌లో గుడ్డని రుద్దే మిషన్ ఒకటుంది. నీ ల్యాబ్‌లో ఉండేదాని లాంటిదే. నా గుడ్డని దాని కింద పెడితే రేపటికి నీ సీటు అంచంత అరిగిపోతుంది. పైకి వెళ్లాను కూడా. ఆ చప్పుడు వింటూ తలుపు దగ్గర నిలబడి, తిరిగొచ్చేశాను. అది నువ్వు కాదు కదా.

క్రిటిక్ రేపే. అందరి గుడ్డలూ అరిగి, వెలిసి, పాతగా ఉంటాయి. నాదొక్కటే కొత్తగా ఉంటుంది. ఎందుకలా అని అడుగుతారు. మీ నాన్న రాలేదేమని ప్రొఫెసర్ గుమ్మం వైపు చూస్తుంది... భయంగా ఉంది నాన్నా. చెప్పాక ఇక్కడ కూడా నువ్వు ఉండవు. వాళ్లు కూడా ఆంటీల్లాగే చూస్తారు, తల మీద చెయ్యి పెట్టకపోయినా.

అయినా చెబుతాను. ఆ గుడ్డని అరగదీయాల్సిన మనిషి లేడని, అందుకే కొత్తగా ఉందని చెబుతాను. అమ్మ ఒక్కతే ఇన్నాళ్లుగా జేబులో ఆ పని చేస్తోందని మాత్రం చెప్పను. అది అమ్మది.

గుడ్డ కొంచెం ఎక్కువే అల్లాను. గోడకి తగిలించాల్సింది పక్కన పెట్టి, మిగిలిన ముక్క కోసి నా కోటు జేబులో వేసుకున్నాను. అరగడానికి చాలా ఏళ్లు పడుతుంది. పట్టనీ. రేపు మాట్లాడేటప్పుడు చెయ్యి అక్కడే ఉంటుంది.

అమ్మకి ఆదివారం ఫోన్ చేసి నీ గురించి అడుగుతాను. ఈసారి తిట్లు కాకుండా ఇంకేమైనా చెబుతుందేమో చూస్తాను.

నీ రూతమ్మ